దిబ్బలవలస రోడ్డు దాటిన విధంబెట్టిదనిన

దిబ్బలవలస ఒకప్పుడు ఒకే ఊరు. హైవేని ఊరి నడిబొడ్డు మీంచి వెడల్పు చేశాక అది రెండు ఊళ్ళయింది. బస్టాండు, మునిసిపల్ ఆఫీసు, కూరల బజారు పడమర పడ్డాయి. ఆస్పత్రి, ఆడపిల్లల హైస్కూలు, సినిమా హాలు తూర్పున పడ్డాయి. ఇటువాడు అటు వెళ్ళాలంటే ఆటో ఎక్కి టోల్ గేటు దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి మళ్ళీ రావాలి. కాలినడకన దాటబోయిన ధైర్యవంతులు లేకపోలేదు. డివైడరు దాకా వెళ్ళి, ముందుకీ పోలేక వెనక్కీ రాలేక, గన్నేరు మొక్కల మధ్య కూలబడి, ఇంటినుంచి క్యారేజీ విసిరించుకుని తిన్న పెద్దమనుషులు కూడా ఉన్నారు.

ఈ రోడ్డు వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు సన్యాసినాయుడు. అతను మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరు. ఉండేది పడమర. ఒకసారి జ్వరం వచ్చి తూర్పున ఆస్పత్రికి వెళ్తే, రక్తం తీసిన ల్యాబ్ టెక్నీషియన్ గౌరీశ్వరి అతని మనసు కూడా తీసేసుకుంది. సూది గుచ్చుతుంటే "అస్సలు నొప్పి తెలీలేదండీ" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, మనిషి నచ్చాడు. జాతకాలు కలిశాయి, పెద్దవాళ్ళు కలిశారు. తీరా పెళ్ళికూతురి తండ్రి అప్పలస్వామి అడ్డం తిరిగాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు.

"కుర్రోడు మంచోడే, కాదన్ను. కానీ నా పిల్లని ఆ రోడ్డుకి అవతల ఇవ్వను" అన్నాడు అప్పలస్వామి.

"ఏం మావయ్యా, పెద్ద పెద్ద బళ్ళు తోలినవాళ్ళు, మీకు రోడ్డంటే భయవా?" అన్నాడు సన్యాసినాయుడు.

"తోలినోణ్ణి కాబట్టే భయం బాబూ! రోడ్డు మీద మనిషి కనిపిత్తే డ్రైవరు ఏటి సేత్తాడో నీకు తెల్దు, నాకు తెల్సు. హారన్ కొడతాడు. అంతే. బ్రేకు కొట్టడు. ఆ రోడ్డు దాటే ఉపాయం సూపించు, మర్నాడే ముహూర్తం ఎట్టించీస్తాను. శ్రావణ మాసం దాటిందో, పాలకొండ సమ్మందం కాయం సేసీస్తాను. ఆడ రోడ్డే నేదు."

పేరులోనే సన్యాసి ఉన్నాడు, ఇంక పెళ్ళెక్కడ అవుతుందిలే అని ఆఫీసులో ఎకసెక్కాలాడారు. సన్యాసినాయుడికి అన్నం సయించలేదు.

ఆ ఏడు పైవాళ్ళకి అధ్యయన యాత్రల మీద మోజు పుట్టింది. పక్క ఊరి మునిసిపాలిటీ వాళ్ళు చెత్త మీద అధ్యయనానికి సింగపూరు వెళ్ళి చాక్లెట్లు పట్టుకొచ్చారు. మనం ఏం తక్కువ తిన్నామని చైర్మన్ బాలగ పైడిరాజుకి పౌరుషం వచ్చింది. వియత్నాంలో సైగాన్ అనే మహానగరం ఉందనీ, ఇప్పుడు పేరు హోచిమిన్ సిటీ అయినా పిలిచేవాళ్ళు సైగాన్ అనే పిలుస్తారనీ, అక్కడ మోటారు సైకిళ్ళు వరదలా పారుతుంటే జనం వాటి మధ్యనుంచి తాపీగా నడిచి దాటేస్తారనీ ఎవరో ఆయన చెవిన వేశారు. పాదచారులకి శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటి అక్కడ ఉందిట. చైర్మన్, కమిషనర్ సదానందం, సంచులు మొయ్యడానికి సన్యాసినాయుడు బయల్దేరారు.

"నేర్చుకునే రండి. చాక్లెట్లు తేకపోయినా పర్లేదు" అంది గౌరి ఫోన్లో.

విమానాశ్రయంలోనే కమిషనర్ గొంతు సవరించుకుని నియమం వినిపించారు. "పర్యటన పొడుగునా ప్రోటోకాల్ క్రమం పాటించబడవలెను. ముందు గౌరవనీయ చైర్మన్ గారు, వారి వెనుక నేను, నా వెనుక నువ్వు. ఎట్టి పరిస్థితుల్లోనూ కిందివాడు పైవాడి కంటే ముందు అడుగు వేయరాదు. అర్థమైందా నాయుడూ?"

ఈ నియమంలోని లోతు సైగాన్ హోటల్ లిఫ్టులో తెలిసింది. లిఫ్టులోకి చైర్మన్ ముందు ఎక్కారు, కాబట్టి గోడ పక్కకి చేరారు. దిగేటప్పుడు తలుపు దగ్గరున్నవాడు సన్యాసినాయుడు. అతను ముందు దిగడానికి వీల్లేదు. చైర్మన్ బయటికి రావడానికి చోటు లేదు. తలుపు మూసుకుంది. ముగ్గురూ రెండుసార్లు పైకీ కిందకీ తిరిగాక, చైర్మన్ గారు కమిషనర్ గారి చంక కిందనుంచి దూరి సగౌరవంగా బయటపడ్డారు. మర్నాటి నుంచి మెట్ల మీదుగా దిగారు.

శిక్షణ కేంద్రం హోటల్‌కి సరిగ్గా ఎదురుగా ఉంది. మధ్యలో రోడ్డు.

అమ్మ బాబోయ్, అదేం రోడ్డు! ఎక్కడ చూసినా మోటారు సైకిళ్ళే. ఒకడు ఫ్రిజ్ కట్టుకుని పోతున్నాడు. ఒకావిడ ముందు పిల్ల, వెనక పిల్ల, మధ్యలో కోళ్ళబుట్టతో పోతోంది. ఇంకొకడు నిలువుటద్దం పట్టుకుని పోతుంటే, అందులో వెనకాల వచ్చే బళ్ళన్నీ మళ్ళీ ఎదురొస్తున్నట్టు కనబడ్డాయి. పైగా అందరూ కుడిపక్కన నడుపుతున్నారు. చైర్మన్ కుడివైపు చూస్తే బళ్ళు ఎడమవైపు నుంచి వచ్చాయి.

అవతలి గట్టున కేంద్రం అధికారిణి లాన్ అనే ఆవిడ పూలగుత్తి పట్టుకుని నిలబడింది. వీళ్ళు కదలకపోయేసరికి, తనే రోడ్డులోకి దిగి, పెరట్లో బట్టలారేసే మనిషిలా తాపీగా నడిచి ఇవతలికొచ్చింది. బళ్ళన్నీ ఆవిడ చుట్టూ రెండుపాయలై పారిపోయాయి.

"రండి, నా చెయ్యి పట్టుకోండి. నేను దాటిస్తాను" అంది నవ్వుతూ ఇంగ్లీషులో.

కమిషనర్ రెండడుగులు వెనక్కి వేశారు. "విదేశీ మహిళా అధికారి హస్తమును గ్రహించుటకు ముందస్తు అనుమతి అవసరం. పైనుంచి ఉత్తర్వులు లేవు."

"పోనీ హోటల్లోనే కూర్చుని మాట్లాడుకుందామా?"

"సమావేశ స్థలం మీ కార్యాలయమని మంజూరైంది. స్థలం మార్పునకు కౌన్సిల్ తీర్మానం కావాలి."

లాన్ కాసేపు ఆలోచించి, పూలగుత్తి చైర్మన్ చేతిలో పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వెళ్ళడం కూడా అంతే తాపీగా వెళ్ళింది. సన్యాసినాయుడు కళ్ళార్పకుండా చూశాడు. వాళ్ళ ఊళ్ళో గౌరి ఇలాగే వస్తున్నట్టు ఊహించుకున్నాడు.

"సార్, మనమూ అలాగే..." అన్నాడు.

"ప్రోటోకాల్!" అన్నారు కమిషనర్.

ముందు అడుగు చైర్మన్‌ది. ఆయన దిబ్బలవలసలో చెయ్యెత్తితే పోలీసు విజిలేసి లారీలాపుతాడు. ఇక్కడా ఠీవిగా చెయ్యెత్తారు. ఆ ఊళ్ళో చెయ్యెత్తితే బండి కిరాయికి కావాలని అర్థం. అద్దె మోటారు సైకిళ్ళ వాళ్ళు పదిమంది చుట్టూ మూగి తలా ఒక హెల్మెట్ ఆయన ముందుకు చాపారు. "సూసేవా నాయుడూ, నాను సెయ్యెత్తీసరికి ఎలాగ ఆగీనారో!" అని చైర్మన్ పొంగిపోయి, అన్ని హెల్మెట్లూ స్వీకరించి, శాలువా కప్పలేదేమని అడిగారు. అవి మళ్ళీ వాళ్ళకి పంచిపెట్టడంతో ఆ పూట సరిపోయింది.

హోటల్ వాళ్ళు కొత్తవాళ్ళకని ఒక కాగితం ఇచ్చారు. అందులో ఇలా ఉంది: నెమ్మదిగా నడవండి. చెయ్యి కొంచెం పైకెత్తండి. ఆగకండి. పరుగెత్తకండి. వెనక్కి తిరగకండి. బళ్ళే మిమ్మల్ని తప్పించుకుని పోతాయి.

కమిషనర్ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చదివి, నిట్టూర్చి మడిచి పెట్టారు. "ఆచరణసాధ్యం కాదు. నా సర్వీసులో మధ్యలో ఆగకుండా, ఒక్కసారైనా వెనక్కి తిరక్కుండా అవతలికి చేరిన ఫైలు నేను చూడలేదు. మనుషులెలా చేరతారు?"

మర్నాడు ఆయనకే మహత్తరమైన ఆలోచన వచ్చింది. కారులో రోడ్డు దాటాలి. కారొచ్చింది. అది నది ఒడ్డున పోయింది, వంతెన ఎక్కింది, పెద్ద మార్కెట్టు చుట్టూ తిరిగింది. పాపం డ్రైవరు చక్కగా శిక్షణ కేంద్రం ముందుకే తీసుకొచ్చి, కుడిపక్క ఆపబోయాడు. అక్కడే కమిషనర్ గారిలోని క్రమశిక్షణ మేల్కొంది.

"ఆగు! కుడిపక్కన దిగడం ట్రాఫిక్ ఉల్లంఘన. ఎప్పుడూ ఎడమపక్కే ఆపాలి. చిన్నప్పుడు చదువుకోలేదూ? లెఫ్ట్, లెఫ్ట్!"

డ్రైవరుకి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి. అతను వినయంగా ఎడమకి తిప్పాడు, ఇంకా ఎడమకి తిప్పాడు, ఎదురు వరసలో చేరి హోటల్ గుమ్మంలో ఆపి, తలుపు తీసి నమస్కారం పెట్టాడు. అవతలి గట్టున లాన్ కొత్త పూలగుత్తితో నిలబడి ఉంది. చైర్మన్ ఆవిడకి చెయ్యూపారు. పది హెల్మెట్లు మళ్ళీ వచ్చాయి.

సన్యాసినాయుడు దిగులుగా ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ పీట లాక్కుని కూర్చున్నాడు. అక్కడ కాఫీ అమ్మే ఆవిడ గ్లాసు అడుగున డబ్బాలోని చిక్కటి తీపిపాలు పోసి, పైన చిన్న ఫిల్టరు పెట్టి, బొట్టు బొట్టుగా కాఫీ దించి ఇచ్చింది. నోట్లో పడగానే ప్రాణం లేచొచ్చింది. రోజూ అక్కడే కూర్చోవడం అలవాటయింది. ఆ దించడం చూసి చూసి నేర్చుకున్నాడు కూడా. శ్రావణం కూడా ఆ కాఫీలాగే బొట్టు బొట్టుగా కారిపోతోంది.

"నేర్చుకున్నారా?" అని గౌరి అడిగింది ఫోన్లో.

"కాఫీ నేర్చుకున్నాను" అన్నాడు.

"పాలకొండవాళ్ళు రేపొస్తున్నారు" అని ఫోన్ పెట్టేసింది గౌరి.

మూడో ఉపాయం మోటారు సైకిళ్ళ ఊరేగింపు. మూడు బళ్ళ మీద ముగ్గురూ. ముందు చైర్మన్, తరవాత కమిషనర్, చివర సన్యాసినాయుడు. ఈసారి ఎడమా కుడీ మాట ఎత్తనని కమిషనర్ చైర్మన్‌కి మాటిచ్చారు. ఊరంతా తిరిగి అవతలి పక్కకి రావాలి. కానీ సైగాన్ బళ్ళకి ప్రోటోకాల్ తెలీదు. మొదటి మలుపులోనే సన్యాసినాయుడి బండి కమిషనర్‌ని దాటింది.

"నాయుడూ! పై అధికారిని ఓవర్టేక్ చేస్తావా!" అని వెనకనుంచి కేక.

"బాబ్బాబు, నెమ్మది, నెమ్మది" అని సన్యాసినాయుడు బండివాడి భుజం తట్టాడు. తొందరపెడుతున్నాడనుకుని వాడు ఇంకా లాగించాడు. ఫ్రిజ్ బండి పక్కనుంచి, కోళ్ళబుట్ట కిందనుంచి పోయి, చైర్మన్‌ని కూడా దాటేసి, శిక్షణ కేంద్రం గుమ్మంలో దింపి, "బాగా వేగంగా వచ్చాం కదా" అన్నట్టు బొటనవేలు చూపించాడు. లాన్ సంతోషం పట్టలేక పూలగుత్తి చేతిలో పెట్టేసింది.

ఇంతలో అవతల హోటల్ ముందు రెండు బళ్ళు ఆగాయి. ప్రోటోకాల్ చెడిపోయిన యాత్ర చెల్లదని కమిషనర్ ఇద్దరి బళ్ళూ వెనక్కి తిప్పించారు.

"నాయుడూ! లోపల అడుగు పెట్టావంటే మెమో! తక్షణం వెనక్కి రా!"

"ఎలా రమ్మంటారండీ?"

"అదంతా నాకు తెలీదు. వచ్చెయ్!"

మెమో అన్నమాట వినగానే సన్యాసినాయుడికి ఇంకేమీ కనబడలేదు. కమిషనర్ గారి వేలు ఒక్కటే కనబడింది. పూలగుత్తి ఎత్తి పట్టుకుని ఆ వేలుకేసి చూస్తూ రోడ్డులోకి దిగాడు. ఆగితే ఆలస్యం, ఆలస్యమైతే మెమో. పరుగెత్తితే పై అధికారి ముందు మర్యాద కాదు. వెనక్కి తిరిగితే ఆజ్ఞ ధిక్కారం. అలా నడుచుకుంటూ నడుచుకుంటూ వచ్చేసి, "చిత్తం సార్" అని నిలబడ్డాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల బళ్ళ వరద అలాగే పారుతోంది.

"సార్! దాటేశాను! సార్, నేను రోడ్డు దాటేశాను!" అని కమిషనర్‌ని పట్టుకుని ఊపేశాడు.

"నిదానించు. ఏ పక్కనుంచి ఏ పక్కకి దాటావు?"

"అటునుంచి ఇటు సార్."

"ఊఁ. మనకి కావలసింది ఇటునుంచి అటు. అది నిరూపితం కాలేదు."

"ఆవిడ రోజూ రెండువైపులా దాటుతోంది కదండీ!"

"ఆవిడ స్థానికురాలు. అధ్యయనానికి పనికిరాదు."

యాత్ర ముగిసింది. ఉమ్మడి సమావేశం జరిగినట్టు హోటల్ మేడ మీంచి ఫోటో తీయించారు. ఇటు గట్టున ముగ్గురు, అటు గట్టున కేంద్రం సిబ్బంది, మధ్యలో రోడ్డు. కౌన్సిల్‌కి కమిషనర్ సమర్పించిన అధ్యయన ఫలితం ఒకే వాక్యం: "పాదచారి అవతలి వైపు నుంచి ఇవతలి వైపుకు దాటగలడు, ఇవతలి నుంచి అవతలికి దాటగలడనుటకు ఆధారములు లభ్యం కాలేదు."

సన్యాసినాయుడు దిగిన పూటే ఆటో ఎక్కి, టోల్ గేటు చుట్టి, తూర్పున అప్పలస్వామి ఇంటి ముందు వాలాడు. పాలకొండవాళ్ళు పిల్లని చూసి వెళ్ళారుట. మాటింకా ఇవ్వలేదుట.

"మావయ్యా, సైగాన్‌లో రోడ్డు దాటాను!"

"ఆడ దాటితే నాకేటి? ఈడ దాటు, సూత్తాను."

ఊరు ఊరంతా రెండు గట్ల మీదా చేరింది. సన్యాసినాయుడు గౌరికేసి ఒకసారి చూసి, చెయ్యెత్తి, తూర్పునుంచి దిగాడు. లారీవాడొకడు దూరంనుంచే హారన్ మోత మోగించాడు. మనిషి పరుగెత్తలేదు, ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఇంత ధీమాగా నడుస్తున్నాడంటే పిచ్చివాడైనా అయి ఉండాలి, కలెక్టరైనా అయి ఉండాలి. రెండిట్లో ఏదైనా తనకే ముప్పని లారీవాడు బ్రేకు కొట్టాడు. వాడి వెనక బస్సు ఆగింది. సన్యాసినాయుడు పడమట గట్టెక్కాడు.

"ఓర్నాయనో! బ్రేకు కొట్టీనాడ్రా!" అని అప్పలస్వామి అరుగు మీద కూలబడ్డాడు. "రాయించండి లగ్నపత్రిక! పెళ్ళి మా ఇంటికాడే!"

అంతటితో కథ కంచికి పోవలసింది. కానీ దిబ్బలవలసలో మునిసిపాలిటీ ఉంది.

తన అధ్యయనం స్థానిక పరిస్థితుల్లో కూడా రుజువైందని కమిషనర్ ఉబ్బి తబ్బిబ్బయ్యారు. వెంటనే నిబంధన వచ్చింది. ఇకమీదట దిబ్బలవలసలో తూర్పునుంచి పడమరకు మాత్రమే దాటవలెను. రెండో వైపు దాటుట ఆధారరహితం, కనుక నిషిద్ధం. టోల్ గేటు దగ్గర తూర్పుకి వెళ్ళే మలుపుకి తాడు కట్టించి ఒక జవానుని కూర్చోబెట్టారు.

ఇంకేముంది. వారం తిరిగేసరికి ఊరంతా పడమటికి ఒరిగింది. కూరలకి వచ్చిన నర్సులు కూరలతో ఉండిపోయారు. పన్ను కట్టడానికి వచ్చిన హెడ్మాస్టరమ్మ మునిసిపల్ ఆఫీసు వరండాలోనే బడి పెట్టుకుంది. సినిమా హాల్లో ఆపరేటరొక్కడే మిగిలి, తన ఆట తనే చూసుకుంటున్నాడని చెప్పుకున్నారు. వెళ్ళినవాడు రాకపోవడం చూసి, ఏమయ్యాడో చూసొస్తానని ఇంకొకడు వెళ్ళేవాడు.

ముహూర్తం రోజున పందిరి తూర్పున, పెళ్ళికొడుకు పడమట. భాసికం కట్టుకుని, సన్నాయి మేళంతో సన్యాసినాయుడు గట్టు మీద నిలబడ్డాడు. పక్కన చైర్మన్ కొత్త పంచెతో నిలబడ్డారు. ఎదురుగా కమిషనర్, మెళ్ళో విజిలుతో.

"నాయుడూ, నీ పెళ్ళికి నేనూ భోజనానికి వచ్చినవాణ్ణే. కానీ నిబంధన నిబంధనే. కాలు దింపావంటే సస్పెన్షన్."

"ఇంకెంతసేపుంది బాబూ?" అని చైర్మన్ వాపోయారు. "అటు గారెలు సల్లారిపోతన్నాయి."

సన్యాసినాయుడు అటు చూశాడు. మధుపర్కాల్లో గౌరి, బుగ్గన చుక్కతో, అటు గట్టు మీద నిలబడి ఉంది. ఉద్యోగం పోతే పోనీ, ఇంజనీరు కాకపోతే కాఫీ అమ్ముకుంటాను అనుకున్నాడు. పంచె ఎగ్గట్టి కాలు దింపాడు. విజిలు మోగింది.

"ఆగండక్కడ!" అని అవతలినుంచి కేక. గౌరి గొంతు. "మీరు రావద్దు! రూలు మా పక్కనే ఉంది!"

ఒక చేత్తో తండ్రి చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి పైకెత్తింది. దిగింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఇష్టదైవాలందర్నీ పిలుస్తూ అప్పలస్వామి పక్కన నడిచాడు. వెనక పురోహితుడు, ఆయన వెనక కొబ్బరిబోండాం పట్టుకున్న మేనమామ, ఆపైన ముత్తైదువులు, గారెల బుట్టలు, సాంబారు గంగాళం మోస్తున్న వంటవాళ్ళు. రెండు వైపులా లారీలు వరసగా ఆగిపోయాయి. ముందు లారీ డ్రైవరు కిందకి దిగి, ఎలాగూ ఆగాం కదాని బంతి ఎప్పుడని అడిగాడు. మునిసిపల్ ఆఫీసు మెట్ల మీదే పీటలు వేశారు. సరిగ్గా ముహూర్తానికి మూడు ముళ్ళూ పడ్డాయి. సన్యాసినాయుడు అక్కడే అందరి ముందూ ఏడ్చేశాడు. ఈసారి సూది లేదు.

భోజనాలయ్యాక అప్పలస్వామి చెయ్యి కడుక్కుని, కమిషనర్ దగ్గరకొచ్చాడు. "బాబూ, ఇప్పుడు నాను మా ఇంటికి ఎలాగెల్లాలి?"

"ఆ దిశ పరిశీలనలో ఉంది" అన్నారు కమిషనర్ పళ్ళు కుట్టుకుంటూ. "రెండో అధ్యయన యాత్రకి ప్రతిపాదన పంపాం. ఈసారి అవతలి పక్కనున్న హోటల్లో దిగుతాం."

కూతుర్ని రోడ్డుకి అవతల ఇవ్వనన్న మనిషి, అల్లుడింట్లో చాప పరుచుకున్నాడు. ఇల్లరికపుటల్లుళ్ళని చూసిన ఊరు ఇల్లరికపు మావగార్ని చూడ్డం అదే మొదలు. గౌరి మాత్రం మూడోనాటి నుంచే డ్యూటీకి రోజూ అటూ ఇటూ దాటుతోంది. కమిషనర్‌కి అది కనబడదు. కనబడితే మెమో ఇవ్వాలి. ఇస్తే, నెలనెలా ఆఫీసుకొచ్చి ఆయన షుగర్ పరీక్షకి సూది గుచ్చేది ఆవిడే.

"నాన్నా, రా, చెయ్యి పట్టుకో. ఇంటి దగ్గర దింపేస్తాను" అంటుంది రోజూ.

"వొద్దమ్మా. గవర్మెంటు సొమ్ము తిన్నోణ్ణి, రూలు తప్పలేను" అంటాడు అప్పలస్వామి.

మావగారి దిగులు చూడలేక సన్యాసినాయుడే ఒకరోజు సాహసించాడు. ఎలాగైనా ఆ నిబంధన తీయించాలని కమిషనర్ గది దగ్గరికి వెళ్ళాడు. లోపలినుంచి మాటలు వినిపించి గుమ్మంలో ఆగాడు. కమిషనర్ బల్ల ముందు అప్పలస్వామి, రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు.

"మీ కాళ్ళట్టుకుంటాను బాబూ, ఆ రూలు మాత్రం తియ్యకండి. మా అల్లుడు కాఫీ బాగా ఎడతాడు."